అనుభవం గడిలో నేను కొట్టిన "నిల్"

1957 జూన్ నుంచి 1966 ఫిబ్రవరి దాకా, అంటే ఎనిమిదేళ్ల తొమ్మిది నెలలు, నెల్లూరులో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చుని ఉద్యోగాల దరఖాస్తులు కొట్టాను. ప్రతి దరఖాస్తుకూ వరుస సంఖ్య, తేదీ, మనిషి పేరు, ఊరు, ఏ పోస్టు అన్నవి ఒక నోటు పుస్తకంలో రాసుకునేదాన్ని. రాయమని ఎవరూ చెప్పలేదు. రాయకపోతే నాకు తోచదు. ఆ పుస్తకంలో చివరి సంఖ్య 6,140. ఏడాదికి ఏడు వందల పైచిలుకు. తర్వాత ఇంకో ఉద్యోగంలో చేరి, ప్రమోషన్లు తీసుకుని, రిటైరయ్యాను. వాటి గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. నేను నేర్చుకున్నదంతా ఆ మొదటి ఎనిమిదేళ్లలోనే.

ఈ మధ్య మా వీధి చివర కంప్యూటర్ సెంటర్‌లో చేరిన అమ్మాయి వచ్చి, "మామ్మా, పొద్దుట్నుంచీ రెజ్యూమేలు కొడుతున్నా. జనం చేసే తప్పులేందో ఒక కాగితం మీద రాసియ్యవా, గోడకు అంటిస్తా" అంది. అరపేజీ రాసిచ్చాను. అంటించింది కూడా. మర్నాడు అటు పోతూ చదువుకుంటే, అందులో ఉన్నవన్నీ దరఖాస్తు పెట్టుకునేవాళ్ల తప్పులే. కొట్టేవాళ్ల తప్పు ఒక్కటీ లేదు. నా తప్పు అసలే లేదు. అందుకని ఇది రాస్తున్నాను.

చిన్న తప్పులు

ముందు ఆ అరపేజీ సంగతి ముగిస్తాను.

మొదటిది చిరునామా. సముద్రపు పల్లెలకు అప్పట్లో తపాలా వారానికి రెండుసార్లే పోయేది. వాగు పొంగితే అదీ లేదు. ఇంటర్వ్యూ కార్డు ఆఫీసులో ఒక్కోసారి వారం రోజుల ముందే బయల్దేరేది. పల్లె చిరునామా ఇచ్చినవాళ్లలో కొందరికి ఇంటర్వ్యూ అయిపోయిన మర్నాడు కార్డు చేతికొచ్చేది. అందుకని 1959 నుంచి "నెల్లూరులో మీకెవరున్నారు?" అని అడిగి, వాళ్ల ఇంటి నంబరు కేరాఫ్‌గా కొట్టేదాన్ని. ఎవరూ లేనివాళ్లకు మా ఇన్‌స్టిట్యూట్ చిరునామానే. ఇప్పుడు ఫోన్ నంబరులో ఒక అంకె తప్పు కొడితే అదీ ఇదే తప్పు. మీకు ఉద్యోగం ఇవ్వాలనుకున్నవాడికి మీరు దొరకాలి కదా.

రెండోది, అసలు సర్టిఫికెట్లను దరఖాస్తుకు గుచ్చి పంపడం. నకలు పెట్టమంటే, "నకలు పెడితే నమ్ముతారా?" అనేవాళ్లు. నమ్మేవాళ్లు నకలును నమ్ముతారు. నమ్మనివాళ్లు అసలును పోగొడతారు.

మూడోది జాలి. ఇది పెద్ద జబ్బు. కోవూరు నుంచి ఒకాయన గుమాస్తా పోస్టుకు వచ్చి, "మా ఇంట్లో పదకొండు మందిమమ్మా, అది అన్నిటికంటే పైన కొట్టండి" అన్నాడు.

"పోస్టు ఒక్కరికి కదండీ. పదకొండు మంది ఎందుకు?"

"జాలి పడొద్దా మరి?"

"పదకొండు మందిని సాకాలంటే ఈ మనిషి ఆఫీసులో పెన్సిళ్లు కూడా మిగల్చడని అనుకుంటే?"

ఆయన వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. "అట్లయితే ఏడుగురని కొట్టండి."

నేను ఒక్కరినీ కొట్టలేదు. ఆయన లెక్కల్లో మంచివాడు, గుండ్రంగా రాసేవాడు. ఆ రెండే పైన పెట్టాను. ఉద్యోగం వచ్చింది. మీ కష్టం నిజమే కావచ్చు. కానీ దరఖాస్తు చదివేవాడు మీ కష్టం తీర్చడానికి కూర్చోలేదు, తన పని ఎవరు చేస్తారా అని వెతుకుతున్నాడు.

నాలుగోది యోగ్యతా పత్రాలు. దొరికినవాళ్లలో అందరికంటే పెద్దవాడి సంతకం తెచ్చేవాళ్లు. ఆ పెద్దమనిషి వీళ్లను ఎన్నడూ చూసి ఉండడు. "ఈ చిరంజీవిని బాల్యము నుండి ఎరుగుదును" అని ఒకే వాక్యం ఒకే చేతిరాతతో ఒకే వారంలో ముగ్గురి దగ్గర చూశాను. మిమ్మల్ని నిజంగా ఎరిగిన చిన్నవాడి నాలుగు ముక్కలు మేలు.

ఇంతే అరపేజీ.

మా మాస్టారు

ఇన్‌స్టిట్యూట్ యజమాని శేషాచలం మాస్టారు. వేళ్లకు పని నేర్పడంలో అంతటివాడు లేడు. మీటల మీద చేతిరుమాలు కప్పి అక్షరాలు చూడకుండా కొట్టించేవాడు. తప్పు కొడితే అరిచేవాడు కాదు, ఆ కాగితం తీసి మన ముందే నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకునేవాడు. అదే పెద్ద శిక్ష. నిమిషానికి నలభై మాటలు నాకు ఆయన పెట్టిన భిక్ష.

మనుషుల విషయంలో మాత్రం ఆయనకు ఒకే కొలత. "సీలు పడనిది అనుభవం కాదమ్మాయ్" అనేవాడు. ఆఫీసు సీలు, బడి సీలు, కంపెనీ సీలు, ఏదో ఒకటి ఉంటేనే అనుభవం గడిలో రాయాలి. లేకపోతే "నిల్" అని కొట్టాలి. మిగతాదంతా రాస్తే కాగితం సంతలా కనబడుతుందని ఆయన అభిప్రాయం. ఇప్పుడు చెప్పబోయే 1961లో నాకు ఇరవై నాలుగేళ్లు. కాగితం శుభ్రంగా ఉండాలన్నది నా పిచ్చి కూడా. అందుకే ఆయన నియమం నాకు చాలా నచ్చింది.

గోవిందమ్మ

1961 ఏప్రిల్ 18. వరుస సంఖ్య 2,684.

గోవిందమ్మ బోగోలు అవతల సముద్రం ఒడ్డు పాళెం మనిషి. బిట్రగుంటలో పాసింజరు ఎక్కి వచ్చింది. చిన్నప్పుడు బిట్రగుంటలో రైలు పట్టాల గ్యాంగులో పని చేసే మేనమామ ఇంట్లో ఉండి ఎనిమిదో తరగతి పాసైంది. చేపల వేటకు పోయే కుటుంబాల్లో, ఆ పాళెంలో, అంత చదివిన ఆడది ఆమె ఒక్కతే. భర్త నరసయ్యకు చూపు మందగించి మూడేళ్లుగా వేట మానేశాడు. ఇద్దరు పిల్లలు. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని లోపలి ఊళ్లు తిరిగి అమ్ముకొచ్చేది.

ఆమె చేతిలో ఒక నోటీసు నకలు ఉంది. వేట కుటుంబాల ఆడవాళ్లకు వల అల్లిక నేర్పే కేంద్రం ఒకటి ఆ తీరంలో పెడుతున్నారు. నైలాను దారం అప్పుడప్పుడే వస్తోంది. నేర్పడానికి ఒక శిక్షకురాలు కావాలి. ఎనిమిదో తరగతి చదివి ఉండాలి, వయసు ముప్పై లోపు ఉండాలి, ఈ పనిలో అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం. గడువు ఏప్రిల్ 20.

"పుట్టిన తేదీ?"

"జూలై ఒకటి, ముప్పై ఒకటి."

"నిజమైనదా, బళ్లో వేసిందా?"

"బళ్లో వేసిందే అక్కా. మాయమ్మ అయితే గాలివాన కొట్టిన ఏడు అంటది. ఏ గాలివానో ఎవురికి తెలుసు?"

అప్పటి బళ్లలో తేదీ తెలియని పిల్లలందరికీ జూలై ఒకటి వేసేవాళ్లు. నేను కొట్టిన దరఖాస్తులు చూస్తే సగం జిల్లా ఆ ఒక్క రోజే పుట్టినట్టుంటుంది. ఎవరు వేసినా అదే చెల్లే తేదీ. అంటే రెండున్నర నెలల్లో ఆమెకు ముప్పై నిండుతాయి. ఈ నోటీసు తప్పితే ఇంకోటి లేదు. అది ఆమెకూ తెలుసు. నాతో చెప్పింది కూడా.

నాకంటే దాదాపు అయిదేళ్లు పెద్దది. నన్ను అక్కా అంది. నేను ఆమెను "నువ్వు" అన్నాను. అదే పోస్టుకు రెండు రోజుల ముందు కోవూరు దగ్గరి రైతుల అమ్మాయి సుశీల వచ్చింది. మద్రాసులో మూడు నెలలు వల అల్లిక నేర్చుకుని సీలున్న సర్టిఫికెట్ తెచ్చుకుంది. ఆమె దరఖాస్తు కూడా నేనే కొట్టాను. నాకంటే నాలుగేళ్లు చిన్నది. ఆమెను "మీరు" అన్నాను. అప్పుడు ఇదంతా గమనించుకోలేదు.

"ఎక్కడైనా ఉద్యోగం చేశావా?" అని గోవిందమ్మను అడిగాను.

"యాడ చేస్తానక్కా? ఇంటికాడ ఉండేదాన్నే."

"జీతం వచ్చే పని ఏదైనా?"

"అబ్బే, లేదు లేదు." నేనేదో నింద వేసినట్టు రెండు చేతులూ ఊపింది.

ఊపినప్పుడు ఆ చేతులు చూశాను. ఎడమ చూపుడు వేలి పక్కన చర్మం గాడి పడి నల్లగా ఉంది. వేళ్ల సందుల్లో తుమ్మచెక్క రంగు. నూలు వలలు నీళ్లలో చివకకుండా తుమ్మచెక్క కషాయంలో ముంచుతారు, ఆ రంగు ఒక పట్టాన పోదు. నేను చూసిందల్లా ఆ చేత్తో సంతకం పెడితే కాగితానికి మరకవుతుందేమోనని. కింద ఒక తెల్లకాగితం పరిచి సంతకం పెట్టించాను.

అనుభవం గడిలో "నిల్" కొట్టాను. ఇంగ్లీషులో మూడే అక్షరాలు. వెనకాల ఇంకా ఇద్దరు కూర్చుని ఉన్నారు.

కార్డు రాలేదు

మే 9న గోవిందమ్మ మళ్లీ వచ్చింది. కేరాఫ్ మా చిరునామానే ఇచ్చాను కాబట్టి కార్డు వస్తే నా దగ్గరికే రావాలి. రాలేదు. సుశీలకు అంతకు నాలుగు రోజుల ముందే వచ్చిందని నాకు తెలుసు. ఇంటర్వ్యూ మే 22న.

"రాలేదు గోవిందమ్మా" అన్నాను.

ఆమె గంప కింద దింపి, మెట్టు మీద కూర్చుంది. "ఏం రాసినామో ఒకసారి చదువక్కా. ఏడ తప్పు పోయిందో చూస్తా."

నకలు తీసి ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో చెప్పుకుంటూ పోయాను. పేరు, ఊరు, చదువు. అనుభవం, నిల్.

"నిల్ అంటే ఏంది?"

"ఏమీ లేదని."

"ఏమీ లేదా?" నా ముఖంలోకి చూసింది. "మా బావ పడవలో ఉండే వలలన్నీ నేనల్లినవే గదా. మా అత్తింటి మామ ఉన్నన్నాళ్లూ ఆయనవీ నేనే. ఏడేళ్లప్పుట్నుంచీ సూది పట్టినా. పాళెంలో చినిగిన వల యాడున్నా నా కాడికే తెస్తారు."

"ఆ రోజు చెప్పలేదేం మరి?"

"నువ్వు ఉద్యోగం చేసినావా అని అడిగితివి, జీతం వచ్చిందా అని అడిగితివి. వల అల్లతావా అని అడిగితివా? వల నేర్పే పనికి పోతాంటే, వల తెలీకుండా పోతాననుకుంటివా?"

లోపల మిషన్ల చప్పుడు ఆగిపోయింది. నేర్చుకునే అమ్మాయిలు వింటున్నారు.

ఆమె ఎందుకలా జవాబిచ్చిందో తర్వాత నిదానంగా అడిగి తెలుసుకున్నాను. ఆ పాళెంలో పడవ ఒడ్డుకు రాగానే చేపలను పాళ్లు వేస్తారు. పడవకో పాలు, వలకో పాలు, వేటకు పోయిన మనిషికో పాలు. వల పాలు ఆ వల ఏ మగవాడిదో ఆయన ఇంటికి పోతుంది. అల్లినదానికి పాలు లేదు. అడగాలని కూడా ఎవరికీ తోచదు. అన్నం వండినందుకు పాలు అడుగుతారా? అందుకే గంప నెత్తిన పెట్టుకుని తిరగడం ఆమె దృష్టిలో పని, వల అల్లడం మాత్రం ఇంట్లో ఉండడం. ఒకరు సీలు కోసం చూస్తారు, ఒకరు పాలు కోసం చూస్తారు. మా మాస్టారి నియమమూ ఆ పాళెం నియమమూ సరిగ్గా ఒకచోట కలిశాయి. ఆ రెంటి మధ్య ఆమె ఉద్యోగం పోయింది.

గడువు దాటినాక

మాస్టారికి చెప్పాను. ఇన్‌స్టిట్యూట్ కాగితం మీద, పొరపాటు మాదని ఒక ఉత్తరం ఇవ్వమన్నాను.

"మన బోర్డు కింద పోయిన కాగితానికి తప్పు మనదే అని మనమే రాసిస్తే, రేపు ఈ మెట్లెక్కేదెవరమ్మాయ్?" అన్నాడు.

"తప్పు మనదే కదండీ."

"ఆవిడ చెప్పలేదు, నువ్వు కొట్టలేదు. అందులో తప్పేముంది? నువ్వు ఆ ఉత్తరం ఇస్తే మాత్రం, నీ సీటు సంగతి నేను చెప్పలేను."

నా జీతం మీద మా అమ్మా నేనూ బతుకుతున్నాం. ఆ రాత్రి ధైర్యంగా నిద్రపోయానని అబద్ధం చెప్పను. మే 11న సెలవు పెట్టి, తెల్లకాగితం మీద నా పేరుతో ఉత్తరం రాసుకుని నోటీసు ఇచ్చిన ఆఫీసుకు పోయాను. ఆ రోజుకు రమ్మని చెప్పి ఉన్న గోవిందమ్మను వరండాలో కూర్చోబెట్టాను. ఆమె ఒక చిన్న వల ముక్కా, వెదురు సూదీ తెచ్చుకుంది, చూపించమంటే చూపిద్దామని.

పెద్ద గుమాస్తా ఉత్తరం మొత్తం చదివాడు. జాబితా తీసి చూపించాడు. వచ్చినవి పదకొండు దరఖాస్తులు. అనుభవం నిల్ అన్న వాటి పక్కన ఎర్ర పెన్సిలుతో గీత. ఆరింటికి గీతలున్నాయి. అయిదుగురిని పిలిచారు.

"అమ్మా, మీరు రాసింది నిజమే గావచ్చు. గడువులోపల వచ్చిన అబద్ధాలే నేను చూడలేక చస్తాండా. గడువు దాటినాక వచ్చిన నిజాన్ని ఏ ఫైల్లో పెట్టేది?"

"ఆమె బయటే ఉంది. ఒక్కసారి సూది ఇచ్చి చూడండి."

ఆయన లేచి ఉత్తరం లోపల ఆఫీసరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆఫీసరు నన్ను పిలిపించి కూర్చోమన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఒకరికి గడువు దాటినాక అవకాశమిస్తే మిగతా అయిదుగురు నిల్‌లకు ఏం జవాబు చెప్పాలి అని అడిగాడు. ఆ అయిదుగురు నిల్‌లలో ఎంతమంది ఇలాంటివాళ్లో ఎవరికి తెలుసు? ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని. అది తెలిసే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

వరండాలోకి వచ్చి చెప్పాను. గోవిందమ్మ సూది కొంగులో ముడేసుకుంది.

"జూలై ఒకటికి ముప్పై నిండిపోతాయి గదక్కా?"

"అవును."

"ఆ తేదీ అయ్యవారు వేసిందే గదా. ఇంకోటి వేపిస్తే?"

"చెల్లదు గోవిందమ్మా."

"బాగుంది. నేను పుట్టిన దినం ఎవురికీ తెలీదు గానీ, నేను ముసిలిదాన్నయ్యే దినం మాత్రం ఆఫీసోళ్లకి తెలుసు." లేచి గంప ఎత్తుకుంది. "పద, బండికి టైమవుతాండాది."

నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడం మంచితనమని నేను అనుకోలేదు, ఇప్పటికీ అనుకోను. అనడానికి ఆమెకు తీరిక లేదు, అంతే. పాసింజరు తప్పితే ఆ రోజు గంప ఖాళీ కాదు.

మాస్టారు నాతో పన్నెండు రోజులు మాట్లాడలేదు. సీటు మాత్రం తీసేయలేదు. పదమూడో రోజున ఒక కుర్రాడిని నా మిషను దగ్గరికి పంపుతూ, "ఏం చేస్తుంటాడో ఆ అమ్మాయే అడుగుతుందిలే, చెప్పు" అన్నాడు. ఆయన నోట క్షమాపణ అంతకంటే పొడుగ్గా రాదు.

అడిగే పద్ధతి

ఆ తర్వాత "అనుభవం ఉందా?" అని నేను ఎవరినీ అడగలేదు. "పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఏం చేస్తావు?" అని అడిగేదాన్ని. మొదట్లో నవ్వేవాళ్లు. "పళ్లు తోముకుంటా" అనేవాళ్లు. అక్కణ్నుంచి మొదలుపెట్టమనేదాన్ని.

1962లో కోవూరు వైపు నుంచి ఒక యువకుడు కాలువల మీద లస్కరు పోస్టుకు వచ్చాడు. లస్కరంటే తలుపులెత్తి నీళ్లు వదిలే పని. అనుభవం ఏమీ లేదన్నాడు. పొద్దున లేస్తే ఏం చేస్తావంటే, "మడికి నీళ్లు కడతా" అన్నాడు. ఎంత చేనుకు? ఎన్ని మడులకు? వంతు కోసం పై రైతుతో తగాదా వస్తే ఎట్లా తీర్చావు? అడిగేకొద్దీ మనిషి నిటారుగా కూర్చున్నాడు. ఏ కాలువలో నీళ్లు ఎంత సేపటికి ఎక్కడికి చేరతాయో అతనికి నిద్రలో లేపినా తెలుసు. అవే నాలుగు వాక్యాలు కొట్టాను. పిలిచారు, తీసుకున్నారు.

ఉన్నదాన్ని పెంచి రాయడం ఒక తప్పు. అది చేసేవాళ్లు తక్కువ, పట్టుబడటం తేలిక. ఉన్నదాన్ని లేదనుకోవడం ఇంకో తప్పు. అది చేసేవాళ్లే ఎక్కువ, పట్టుకునేవాడు ఎవడూ ఉండడు, మీరు తప్ప. పక్కవాళ్ల రెజ్యూమే కొట్టిపెట్టే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇదొక్కటే. కొట్టడం మీ పనిలో చిన్న భాగం. అడగడమే పని.

ఇంతటితో ఆపేస్తే నేను బాగుపడ్డానని మీరు అనుకుంటారు. రెండేళ్ల తర్వాత గోవిందమ్మ విషయంలోనే ఇంకో తప్పు చేయబోయాను.

రెండు కాగితాలు

పోస్టు సుశీలకే వచ్చింది. కేంద్రం గోవిందమ్మ పాళెంలోనే పెట్టారు. సుశీల కొత్త వల చక్కగా అల్లేది, ఆమె నేర్చుకున్నది అదే. పాళెం ఆడవాళ్లు తెచ్చేవి చినిగిన వలలు. రాయికి తగిలి మూరెడు మేర కళ్లు, అంటే అల్లికలోని రంధ్రాలు, తెగిపోయిన వలను, పాతదానికి కొత్తది అతికినట్టు తెలియకుండా ఎట్లా కలపాలో మద్రాసులో ఆమెకు చెప్పలేదు. సిగ్గుపడకుండా గోవిందమ్మ ఇంటికి పోయి నేర్చుకుంది. వారానికి రెండు సాయంత్రాలు, ఏడాది పైగా. ఈ సంగతి సుశీలే నాకు చెప్పింది. నాకు ఆమె మీద అప్పట్నుంచే గౌరవం.

1963 ఆగస్టు 6న గోవిందమ్మ మా మెట్లెక్కింది. కేంద్రంలో హెల్పరు పోస్టు ఖాళీ అయింది. వయసు నలభై దాకా పరవాలేదు. చేత్తో రాసిన తెలుగు దరఖాస్తు చాలు. సుశీల పంపించింది.

రెండేళ్లుగా నేను దాచుకున్న బాకీ తీర్చుకునే రోజు ఇదేననుకున్నాను. టైపు మిషను పక్కకు నెట్టి, కలం తీసి, ఒక్కొక్కటీ అడిగి రాశాను. ఏ చేపకు ఎంత కన్ను? కవళ్ల లాంటి చిన్న చేపకు ఒక వేలు వెడల్పు, కానాగడతలకు రెండున్నర వేళ్లు, పెద్ద చేప వంజరానికి నాలుగు. నూలు ముడి నైలానులో జారిపోతుందని ఎప్పుడు తెలిసింది? మొదటి వలకే, దానికి ముడి మీద ముడి తనే కనిపెట్టుకుంది. ఎన్ని వలలు? ఎన్నేళ్లు?

"ఏడో ఏట మొదలు. ఇప్పుడు ముప్పై రెండు. ఇరవై అయిదేళ్లు. అందులో బిట్రగుంటలో చదువుకున్న అయిదేళ్లు తీసేస్తున్నా" అన్నాను.

"తీసెయ్యబాకక్కా. సెలవలకి పాళెం పొయ్యి అల్లేదాన్ని."

"సెలవలు ఏడాదికి ఎన్నాళ్లు?"

"రొండు నెల్లు ఉంటాయి."

"అయిదేళ్లకు పది నెలలు. మొత్తం ఇరవై ఏళ్ల పది నెలలు."

"నీ లెక్కలు పాడుగాను" అని నవ్వింది. "పురుడు పోసుకున్న దినాలు గూడా తీసెయ్యి, మళ్లీ నీకు నిద్రపట్టదు."

రెండు కాగితాలు నిండాయి. మొదటి నుంచి చదివి వినిపించాను. ఆమె చివరిదాకా విన్నది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"ఇది వద్దక్కా."

"ఇందులో ఒక్క మాట అబద్ధం లేదు."

"లేదు. అందుకే వద్దంటాండా. ఇది చదివినోడు, ఇంత తెలిసినదాన్ని ఊడ్చేదానికి పెట్టుకుంటే ఆ టీచరు మాట వింటదా అనుకుంటాడు. నాకు కావాల్సింది హెల్పరు పని. వాళ్లు అడిగిందానికి జవాబు రాయాల గానీ, రొండేళ్ల నాడు అడిగిందానికి ఇప్పుడు రాస్తే ఎట్లా?"

ఆమె చెప్పింది నిజం. నేను ఆమె దరఖాస్తు రాయలేదు, నా క్షమాపణ రాశాను. ఇతరుల తరఫున రాసేవాళ్లు చేసే తప్పుల్లో ఇది అన్నిటికంటే నాజూకైనది. మన మనసులో ఉన్నదాన్ని వాళ్ల కాగితం మీద దించేస్తాం.

"మరి ఏం రాయమంటావు?"

ఆమె చెప్పింది, నేను రాశాను. మూడు వాక్యాలు. "ఎనిమిదో తరగతి చదివినాను. వల అల్లడం, బాగు చేయడం వచ్చు. కేంద్రానికి మూడు ఇళ్ల అవతల ఉంటాను."

"మూడోది ఎందుకు?"

"ఇంతకుముందున్న ఆమె బోగోలు నుంచి వచ్చేది. బస్సు రాకపోతే తాళం తీసేవాళ్లు లేక ఆడోళ్లందరూ ఎండలో నిలబడేవాళ్లు. ఆపీసుకి ఎన్నిసార్లు పిటీషను పొయ్యిందో నీకేం తెలుసు? వాళ్లకి కావాల్సింది బిన్నా, పొద్దున్నే వచ్చి తలుపు తీసే మనిషి."

నా పుస్తకంలోని దరఖాస్తుల్లో అంతకంటే చిన్నది లేదు, అంతకంటే సరైనదీ లేదు. ఆ మూడో వాక్యం నాకు జన్మలో తట్టేది కాదు. ఆగస్టు 26న ఆమె పనిలో చేరింది. శిక్షకురాలి జీతంలో సగం కంటే తక్కువ. అది నేను చేసిన నష్టం.

ఆ రోజు ఆమె వెళ్లబోతూ, నేను చింపడానికి తీసిన రెండు కాగితాలనూ నా చేతిలోంచి లాక్కుంది.

"అవి ఎందుకు గోవిందమ్మా? పనికిరావన్నావుగా."

"ఆపీసుకి పనికిరావు." నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. "మా ఇంటాయనకి చదివి వినిపిస్తా. ఇరవై ఏళ్ల పది నెల్లు ఇంటికాడ ఊరికే ఉన్నానని ఆయన గూడా అనుకుంటాండాడు."